మినియేచర్ గుర్రాలకు ఏ కంచె వేయాలి? ముళ్ల తీగ మొత్తం తీసేయాలా?

దొడ్డబళ్లాపుర_తోట:
అందరికీ నమస్తే. దొడ్డబళ్లాపుర దగ్గర మాకు 20 గుంటల తోట ఉంది, ఉండేది యలహంకలో, శని ఆదివారాలు వెళ్లొస్తుంటాం, మిగతా రోజులు తోటలోనే ఉండే కుటుంబం చూసుకుంటుంది. రెండు నెలల క్రితం రెండు మినియేచర్ గుర్రాలు తెచ్చుకున్నాం, రెండూ ఆడవే. మెడ మీద జూలు ఆగే చోట కొలిస్తే ఒకటి 32 అంగుళాలు, ఇంకోటి 33. పెద్దది చూడితో ఉందని డాక్టరుగారు చెప్పారు. కంచె మాత్రం పాత ఓనరు వేయించిందే, రాతి కడీలకు ఐదు వరసల ముళ్ల తీగ. పోయిన వారం చిన్నది అవతలి గడ్డి కోసం కింది తీగల మధ్య తల దూర్చి, వెనక్కి లాక్కునేటప్పుడు చెంప గీరుకుపోయింది. లోతు గాయం కాదు, కానీ ఆ రోజు నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఫెన్సింగ్ వేసేవాళ్లేమో చైన్ లింక్ చాలంటున్నారు, పక్క తోటాయన కరెంటు తీగ లాగమంటున్నారు. కడీలు అలాగే ఉంచి ఏం మార్చుకోవచ్చు?

హోసూరు_రైతు:
మేడమ్, ముందు ధనుర్వాతం టీకా వేయించారో లేదో చూడండి. గుర్రాలకు అది చాలా తేలిగ్గా పట్టుకుంటుంది, చిన్న గీత చాలు. చూడిది కాబట్టి దానికి ఎప్పుడు వేయాలో డాక్టరును అడిగే వేయించండి.

ఇక ముళ్ల తీగ మొత్తం తీసేయాల్సిందే. ఆవు చిక్కుకుంటే చాలాసార్లు ఆగి నిలబడుతుంది, గుర్రం బెదిరి గుంజుకుంటుంది, ఆ గుంజుడుకే కాలి చర్మం ఒలిచేసినట్టు ఊడి వస్తుంది. కడీలు మాత్రం బంగారం లాంటివి, వాటిని కదపకండి. ఎత్తు నాలుగడుగులు సరిపోతుంది, ఇవి దూకి పోయేవి కావు. కింద నుంచి దూరడం, కంచె పక్కన పొర్లుతూ కాళ్లు ఇరికించుకోవడం, అదీ భయం. అందుకే నేలకు దగ్గరగా జాలీ ఎలా ఉందన్నదే ముఖ్యం. పొలాలకు వేసే ముడి జాలీలో గళ్లు ఆరంగుళాల దాకా ఉంటాయి, వీటి గిట్ట అందులోంచి హాయిగా దూరిపోతుంది. 2 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు ఉండే గళ్లతో అల్లిన జాలీ దొరికితే అదే తీసుకోండి, పుట్టబోయే పిల్లకు కూడా అదే సరి. వెల్డింగ్ జాలీ వద్దు, గుర్రం ఒళ్లు రుద్దుకునే ఒత్తిడికి అతుకులు ఊడి కొసలు మేకుల్లా బయటికి వస్తాయి.

జాలీని కడీలకు లోపలి వైపు, అంటే గుర్రం ఉండే వైపు కట్టించండి. గుర్రం ఆనుకుంటే బరువు కడీ మీద పడుతుంది, బయటి వైపు కడితే కట్టు తీగలు తెగుతాయి. కట్టు తీగల కొసలు మాత్రం బయటికి తిప్పించాలి, ఇది పనివాళ్లు దాదాపు ఎప్పుడూ మర్చిపోతారు, దగ్గర నిలబడి చేయించుకోండి.

కనకపుర_రోడ్:
పై అన్న చెప్పింది నిజం. చైన్ లింక్ కూడా మరీ కొట్టిపారేయక్కర్లేదు, మా దగ్గర రెండంగుళాల గళ్లదే ఉంది. కాకపోతే పైన ఒక జీఐ పైపు వేయకపోతే ఆరు నెలల్లో జారి సంచిలా వేలాడుతుంది, కింది కొసలు కూడా గుచ్చుకోకుండా మడిపించాలి. పైపు ఉంటే గుర్రానికి కంచె కనిపిస్తుంది కూడా, పరిగెత్తుకొచ్చి గుద్దుకోదు.

నాకు అసలు బెంగ కుక్కలు. వీధి కుక్కలు గుంపుగా వస్తే ఇంత చిన్న గుర్రం ఏం తట్టుకుంటుంది? వానాకాలంలో ఎర్రమట్టి కొట్టుకుపోయి జాలీ కింద సందు పడుతుంది, కుక్కలు దాన్నే తవ్వుకుని వస్తాయి. మేము బయటి వైపు ఒక అడుగు వెడల్పు జాలీ నేల మీద పరిచి మట్టి కప్పాం, అప్పటి నుంచి తవ్వడం ఆగింది. మాది బన్నేరుఘట్ట అడవి వైపు, చిరుత భయం ఉంది, నాలుగడుగుల కంచె దానికి లెక్కే కాదు, అందుకని రాత్రిపూట పైకప్పు ఉన్న కొట్టంలో పెట్టి తలుపు వేస్తాం. మీ వైపు చిరుత లేకపోయినా కుక్కల కోసమైనా రాత్రి లోపలే ఉంచండి.

తోటపని_బెంగళూరు:
కరెంటు తీగ అన్నారు కదా, ఇంటి లైను నుంచి నేరుగా ఇవ్వడం నేరం, మనుషులు చచ్చిపోతారు, దయచేసి ఆ మాట వినకండి. కావాలంటే ఎనర్జైజర్ పెట్టి జాలీ పైన ఒక్క వరస లాగొచ్చు, అది ఆగి ఆగి చిన్న దెబ్బ కొడుతుందంతే. కంచె పొడవునా అందం కోసం గన్నేరు మాత్రం నాటకండి, నాలుగు ఆకులు నమిలినా గుర్రానికి ప్రాణం మీదికొస్తుంది. ఉంటే వేళ్లతో సహా తీయించండి, కొట్టేసి అక్కడే పడేసిన ఎండు ఆకులు కూడా విషమే.

దొడ్డబళ్లాపుర_తోట:
అందరికీ చాలా థాంక్స్. గేటు పక్కనే రెండు గన్నేరు చెట్లున్నాయి, ఇప్పుడే ఫోన్ చేసి గుర్రాల్ని అటు రానివ్వొద్దని చెప్పాను. స్థలం దాదాపు చదరంగా ఉంటుంది, చుట్టూ 590 అడుగులు వస్తుంది. అంతా ఒకేసారి వేయించే డబ్బు ఇప్పుడు లేదు. సగమే వేస్తే పర్వాలేదా?

హోసూరు_రైతు:
పర్వాలేదు, నన్నడిగితే అదే మంచిది. ఇవి కొంచెం మేతకే ఒళ్లు చేస్తాయి, 20 గుంటల పచ్చిక మీద రోజంతా వదిలితే కాళ్లలో గిట్టవాపు వచ్చి నడవలేకపోతాయి. కొట్టం చుట్టూ 40 అడుగులు, 60 అడుగుల ముక్క ముందు గట్టిగా వేయించండి, అంటే 200 అడుగుల జాలీ. రోజులో కొంతసేపు మనిషిని పక్కన పెట్టి బయట మేపించండి, ముళ్ల తీగ దగ్గరికి పోనివ్వకుండా. గేటుకూ కడీకీ మధ్య సందు మూడంగుళాలు దాటకూడదు, గొళ్లెం బయటి వైపు పెట్టించండి, మా దాంట్లో ఒకటి మూతితో గడియ తీయడం నేర్చుకుంది.