అరికాలి మంట – చీలమండ దగ్గర నరం నొక్కుకుపోవడం వల్లేనా?

ప్రశ్న (విజయవాడ):
బీసెంట్ రోడ్డులో చీరల షాపులో సేల్స్‌లో ఉన్నాను. రోజంతా నిలబడే పని, పైగా చెప్పులు బయటే విడవాలి. సంక్రాంతి రద్దీలో మెట్ల మీద కుడికాలు మడతపడి చీలమండ వాచింది. వాపు పోయింది గానీ అరికాలి మంట, బొటనవేలి వైపు తిమ్మిరి పట్టుకున్నాయి. రాత్రి పడుకున్నాక మరీ ఎక్కువ. షుగర్ లేదు. మడమ నొప్పి అని ఇచ్చిన మాత్రలతో తగ్గలేదు. తెలిసినావిడ టార్సల్ టన్నెల్ (చీలమండ దగ్గర నరం నొక్కుకుపోవడం) అయి ఉంటుందన్నారు. ఆపరేషన్ తప్పదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఫిజియోథెరపిస్ట్‌ని):
అమ్మా, ముందే ఆపరేషన్ గురించి భయపడకండి. లోపలి చీలమండ ఎముక వెనక సన్నటి దారి ఉంటుంది, దాన్నే టార్సల్ టన్నెల్ అంటారు. అరికాలికి వెళ్లే టిబియల్ నరం, స్నాయువులు, రక్తనాళాలు అన్నీ అందులోంచే వెళ్లాలి. పైన గట్టి పట్టీ కప్పి ఉంటుంది కాబట్టి బెణుకు తర్వాత లోపల వాపు మిగిలినా, నీటిగడ్డ లేచినా, సిరలు ఉబ్బినా నరానికి చోటు చాలదు. పాదం చదునుగా ఉంటే నరం సాగి ఇంకా ఒత్తిడి పడుతుంది.

మామూలు మడమ నొప్పి పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులో పొడిచి, నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది. నరం నొప్పి నిలబడేకొద్దీ పెరుగుతుంది. ఎముక వెనక వేలితో తడితే అరికాల్లోకి జివ్వుమని పాకితే అనుమానం బలపడుతుంది. అయినా ఇలాంటి మంట, తిమ్మిరి వేరే కారణాలతోనూ రావచ్చు కాబట్టి నడుము నరాన్ని, థైరాయిడ్‌ని, విటమిన్ బి12ని కూడా చూడాలి. ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవండి. నరాల పరీక్ష నార్మల్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు; అవసరమైతే స్కానింగ్ చేయిస్తారు.

పాదం వంపుకి ఆసరా ఇచ్చే ఇన్‌సోల్ చాలామందికి పనిచేస్తుంది. కానీ మీరు వట్టికాళ్లతో గచ్చు మీద నిలబడితే అది ఏ కాలికి పెట్టుకుంటారు? షాపులోపల వాడుకునే మెత్తటి బూట్లకీ ఒక స్టూలుకీ డాక్టర్ చేత చీటీ రాయించుకుని యజమానికి ఇవ్వండి. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపు సిబ్బందికి కూర్చునే వీలు కల్పించాలని చట్టమే చేశారు.

జవాబు (హనుమకొండ):
నాకు ఎంఆర్ఐలో నీటిగడ్డ కనబడింది, ఆపరేషన్ చేసి తీశారు. మంట పోయింది. తిమ్మిరి మాత్రం వేలి కొసన కొంచెం మిగిలింది, చాలాకాలం ఓర్చుకుంటూ వచ్చాను కాబట్టి అలా అయిందన్నారు. మీరు ఆలస్యం చేయకండి అక్కా.

ప్రశ్న అడిగినావిడ:
థాంక్సండీ. అత్తయ్య రోజూ నువ్వులనూనెతో గట్టిగా రుద్దుతున్నారు, మంచిదేనా?

ఫిజియోథెరపిస్ట్:
పిక్కకి నెమ్మదిగా రాయమనండి. చీలమండ లోపలివైపు మాత్రం గట్టిగా నొక్కొద్దు, అక్కడ నరం పైపైనే ఉంటుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాట వస్తే స్కానింగ్‌లో చూస్తూ వేస్తారా అని అడగండి. వేళ్లు ముడవలేకపోయినా, పాదంలో బలం తగ్గినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.