వేడినీళ్ల సిలిండర్ ఉన్న ఇంటికి స్మార్ట్ థర్మోస్టాట్: పెట్టించాలా, పాతదే నయమా?

ఎంకే_శ్రీను
అందరికీ నమస్కారం. మిల్టన్ కీన్స్‌లో పాత ఇల్లు కొన్నాం. వంటగదిలో బాయిలర్, మేడ మీద అల్మరాలో రాగి సిలిండర్, అటక మీద చల్లనీళ్ల ట్యాంకు. హాల్లో గుండ్రంగా తిప్పే పాత థర్మోస్టాట్, వంటగది గోడకి టైమర్ ఉన్నాయి. ఆ రెండూ తీసేసి ఫోన్‌తో నడిపే హైవ్ థర్మోస్టాట్, రెండు చానెళ్లది (హీటింగ్‌కొకటి, వేడినీళ్లకొకటి) పెడదామనుకుంటున్నా. మెయిన్ ఆపి టైమర్ విప్పి చూస్తే ఎన్, ఎల్, 1, 3, 4 అనే టెర్మినళ్లలో వైర్లున్నాయి, 2 ఖాళీ. ఆ 1లో ఉన్న వైరు దేనికి? ఒక వీడియోలో దాన్ని టేపు చుట్టి వదిలేశాడు. వచ్చే నెల అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు, ఈలోపు పని అయిపోవాలి. అసలు పెట్టించడం మంచిదేనా?

బర్నర్ బాబాయ్
పెట్టెయ్ శ్రీనూ, ఆలోచించకు. ఇక్కడ చాలా టైమర్ల వెనక ప్లేటు ఒకటే రకం. పాత డబ్బా ఊడబెరికి కొత్తది తగిలించడమే. హాల్లో థర్మోస్టాట్ తీసేసి దాని రెండు వైర్లూ కలిపెయ్, లేకపోతే అది మధ్యలో అడ్డుపడి హీటింగ్ రాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే రావడానికే డబ్బులడుగుతాడు. నేను మూడు ఇళ్లలో సొంతంగా పెట్టా. బిల్లు తగ్గింది, ఫోన్‌లో అంతా కనిపిస్తుంది.

పైపుల ప్రసాద్
శ్రీను గారూ, ఆగండి. 1లో వైరు ఉందంటే మీది వై-ప్లాన్ అనే రకం వైరింగ్ అయ్యుంటుంది. అల్మరాలో సిలిండర్ పక్కన మోటారు వాల్వు ఒకటి ఉందా, రెండున్నాయా? రెండుంటే ఎస్-ప్లాన్, ఆ 1 అక్కర్లేదు. ఒకటే ఉండి దానికి మూడు పైపులుంటే వై-ప్లాన్. అందులో ఆ వైరు వదిలేయడం కుదరదు.

చలిమంట
నాది గూగుల్ వాళ్ల నెస్ట్ థర్మోస్టాట్. నో ప్రాబ్లం.

ఎంకే_శ్రీను
ప్రసాద్ గారూ, ఒకటే ఉంది. మూడు పైపులు. వాల్వు నుంచి తెలుపు, బూడిద, నారింజ, నీలం, పచ్చ-పసుపు వైర్లు వస్తున్నాయి.

బర్నర్ బాబాయ్
నా ఒక ఇంట్లో 1 వదిలేశా. నాలుగేళ్లుగా నడుస్తోంది. ఉన్న వైర్లకి లేని భయాలు తగిలించకండి ప్రసాద్ గారూ.

పైపుల ప్రసాద్
నడుస్తుంది, ఎలా నడుస్తుందన్నదే ప్రశ్న. ఆ వాల్వులో తెల్ల వైరుకి కరెంటొస్తే హీటింగ్ కావాలని అర్థం. బూడిద వైరుకి కూడా వస్తే సిలిండర్ వైపు దారి మూసుకుంటుంది. టైమర్‌లో 1 అంటే ‘వేడినీళ్లు ఆఫ్’, అదే ఆ బూడిద వైరుకి కరెంటిచ్చేది. దాన్ని వదిలేసి, నీళ్లు ఆఫ్‌లో పెట్టి హీటింగ్ ఒక్కటే వేస్తే వాల్వు మధ్యలో నిలబడుతుంది. రేడియేటర్లతో పాటు సిలిండర్ కూడా కాగుతూనే ఉంటుంది. సిలిండర్ మీదున్న థర్మోస్టాట్‌కి అప్పుడు కరెంటే ఉండదు కాబట్టి అది ఆపలేదు. బాయిలర్ 75లో ఉంటే నీళ్లు కూడా ఆ దాపుల్లోకి వెళ్తాయి. పెద్దవాళ్లు స్నానానికి కుళాయి తిప్పే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

బర్నర్ బాబాయ్
నీళ్లు వేడిగా ఉంటే చన్నీళ్లు కలుపుకుంటారు. మన ఊళ్లో పొయ్యి మీద కాగే నీళ్లకి థర్మోస్టాట్ ఉందా?

పైపుల ప్రసాద్
ఇక్కడి సింకుల్లో చాలాచోట్ల వేడికో కుళాయి, చల్లకో కుళాయి. కలుపుకోవడానికి బకెట్ ఏది బాబాయ్?

ఇంకో మాట. సిలిండర్‌లో నీళ్లు 60 డిగ్రీలకి తగ్గకూడదు, లెజియొనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. 60 దాటి 75కి పోతే ఒళ్లు కాలుతుంది. అందుకే అక్కడ థర్మోస్టాట్ పెట్టారు, దాన్ని మీరు పనికిరాకుండా చేశారు. ఆ ఇంట్లో ఉండేవాళ్లకి చెప్పారా?

గోదారోడు
గ్యాస్ సేఫ్ (గ్యాస్ పనికి రిజిస్టరైన) వాళ్లు కాక ఇంకెవరూ ముట్టుకోకూడదు కదండీ, జైల్లో వేస్తారంట.

పైపుల ప్రసాద్
గ్యాస్ పనికి గ్యాస్ సేఫ్ తప్పనిసరి. బాయిలర్ మూత విప్పనంతవరకు థర్మోస్టాట్ వైరింగ్ కరెంటు పని. మూత విప్పే అవసరం ఎక్కువగా కాంబీల్లో, అంటే సిలిండర్ లేకుండా అప్పటికప్పుడు నీళ్లు కాచిచ్చే బాయిలర్లలో వస్తుంది. కొన్ని కాంబీల కంట్రోల్ టెర్మినల్‌కి 230 వోల్టులు అసలు ఇవ్వకూడదు. రిసీవర్‌లో (థర్మోస్టాట్ మాట విని బాయిలర్‌ని నడిపే డబ్బాలో) లైవ్‌కీ కామన్‌కీ లింకు వేసి అక్కడ కలిపితే బోర్డు కాలిపోతుంది. శ్రీను గారిది పాత రకం, ఆ గొడవ లేదు. ఆ ఒక్క వైరు సరిగా పెడితే చాలు.

బర్నర్ బాబాయ్
రాత్రి నుంచి ఒక్క వైరు పట్టుకుని వేలాడుతున్నారు. శ్రీను అడిగింది మంచిదా కాదా అని. నేను చెప్తున్నా, మంచిదే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆగిపోతుంది, ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు ఆన్ చేసుకోవచ్చు.

పైపుల ప్రసాద్
బిల్లు సంగతీ చెప్తా. మీరు పెట్టింది గోడ మీద ఆన్-ఆఫ్ స్విచ్, ఫోన్‌తో నొక్కే స్విచ్. పాత టైమర్ సరిగ్గా సెట్ చేసుకునేవాడికి దానివల్ల మిగిలేది తక్కువ. కండెన్సింగ్ బాయిలర్‌కి (పొగలో పోయే వేడిని కూడా వాడుకునేది) తిరిగొచ్చే నీళ్లు 55 కన్నా చల్లగా ఉంటేనే అసలు లాభం. 2022 చలికాలంలో కాంబీ ఉన్నవాళ్లని ఫ్లో, అంటే బాయిలర్ నుంచి రేడియేటర్లకి వెళ్లే నీళ్ల వేడి, 60కి తగ్గించుకోమని నెస్టా అనే సంస్థ ప్రచారం చేసింది అందుకే. సిలిండర్ ఇంట్లో అంత తగ్గిస్తే నీళ్లు 60కి చేరవు. కాబట్టి 65, 70 పెట్టాలి, రేడియేటర్లకీ అదే వేడి పోతుంది. నీళ్లకో వేడి, రేడియేటర్లకో వేడి ఇచ్చే బాయిలర్లున్నాయి, ఓపెన్‌థర్మ్‌తో (థర్మోస్టాట్ చెప్పినట్టు మంట పెంచి తగ్గించే పద్ధతి) మాట్లాడేవి ఉన్నాయి. అవి ఉంటే స్మార్ట్‌కి అర్థం. లేకపోతే సిలిండర్‌కి మందమైన జాకెట్ తొడిగించండి, ఆ డబ్బుకి అదే ఎక్కువ పని చేస్తుంది.

చలిమంట
నా మొదటి మాట వెనక్కి. మా అన్నయ్య దగ్గర రెండో తరం నెస్ట్ ఉంది, 2025 అక్టోబరు 25న గూగుల్ సపోర్ట్ ఆపేసింది. ఫోన్‌లో లేదు, గోడ దగ్గరకెళ్లి తిప్పుకోవాల్సిందే. యూరప్‌కి కొత్త నెస్ట్‌లు ఇక తీసుకురాబోమని చెప్పారు కూడా.

హ్యాట్‌ఫీల్డ్_హారిక
అందరూ వైర్ల గురించే మాట్లాడుతున్నారు, నాదో ప్రశ్న. యాప్ ఎవరి ఫోన్‌లో ఉంటుంది?

నేనుండే షేరింగ్ ఇంట్లో ఓనర్ ఫోన్‌లో ఉంది. ఆయన కూడా మన తెలుగాయనే. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే. నేను కేర్ హోమ్‌లో నైట్ షిఫ్ట్ చేసి ఎనిమిదిన్నరకి వస్తాను. అప్పటికి మిగతా నలుగురు స్నానాలు చేసేసి ఉంటారు, కుళాయి తిప్పితే గోరువెచ్చగా కూడా రావు. ఇమ్మర్షన్ (సిలిండర్ లోపలి కరెంటు హీటర్) వేసుకుందామంటే దాని స్విచ్‌లో ఫ్యూజు తీసేసి, పైన బ్రౌన్ టేపు అంటించాడు. కెటిల్‌తో కాచుకుని పెయింట్ డబ్బాలో కలుపుకుంటున్నా.

బర్నర్ బాబాయ్
అమ్మా, ఓనర్ల బాధ కూడా తెలుసుకో. బిల్లులు కలిపి అద్దె తీసుకుంటే గ్యాస్ డబ్బులు కట్టేది మేమే. నా రెండు ఇళ్లు స్టూడెంట్లకిచ్చా. పాత థర్మోస్టాట్ 30కి తిప్పి కిటికీలు తీసి పడుకునేవాళ్లు. అద్దె పెంచలేను, గ్యాస్ బిల్లు ఆపలేను. యాప్ పెట్టాక 18కి లాక్ చేశా, నీళ్లకి టైమ్ పెట్టా. అప్పుడు గానీ ఒడ్డున పడలేదు.

హ్యాట్‌ఫీల్డ్_హారిక
అంటే ‘బిల్లు తగ్గింది’ అని మొదట్నుంచీ చెప్తున్నది మీ ఇంటి బిల్లు కాదు! లోపల వణికింది ఎవరో, తగ్గింది ఎవరికో.

బర్నర్ బాబాయ్
వణకడం ఏంటి? 18 చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

హ్యాట్‌ఫీల్డ్_హారిక
చలి దేశాల్లో 18కి తగ్గకూడదంది. చాలని అనలేదు, ముసలివాళ్లకీ పిల్లలకీ ఇంకా ఎక్కువ కావాలని కూడా ఉంది. మీ థర్మోస్టాట్ ఏ గదిలో ఉంది?

బర్నర్ బాబాయ్
హాల్లో. వంటగది పక్కన.

పైపుల ప్రసాద్
వంటగది పక్కన 18 ఉంటే ఉత్తరం వైపు పడగ్గదిలో 18 ఎక్కడుంటుంది బాబాయ్. ఇంతకీ ఆ 1 వైరు వదిలేసింది స్టూడెంట్ల ఇంట్లోనేనా? నీళ్లకి టైమ్ పెట్టానంటున్నారు, ఆ ఇంట్లో హీటింగ్ వేసిన ప్రతిసారీ సిలిండర్ కాగుతోంది. మీ పొదుపు అక్కడే గంగలో కలుస్తోంది.

బర్నర్ బాబాయ్
నా ఇల్లు, నా బాయిలర్, నా డబ్బు. సలహాలివ్వడం తేలికే.

హ్యాట్‌ఫీల్డ్_హారిక
మీ ఇల్లే. 1985 అద్దెల చట్టం 11వ సెక్షన్ ప్రకారం హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లు పనిచేసే స్థితిలో ఉంచాల్సింది కూడా మీరే. నేను 25 పెట్టమనడం లేదు. ఇంట్లో ఉండే మనిషికి ఒక బటన్ ఉండాలంటున్నా. షిఫ్ట్ నుంచి వచ్చి గంట బూస్ట్ (టైమ్‌తో పనిలేకుండా అప్పటికప్పుడు కాచే బటన్) నొక్కుకోవడానికి ఇంకో ఊళ్లో నిద్రపోతున్న ఓనర్‌కి వాట్సాప్ పెట్టి, నీలం టిక్కుల కోసం కూర్చోవాలా?

బర్నర్ బాబాయ్
బటన్ ఇస్తే అయిదుగురూ అయిదు సార్లు నొక్కుతారు. ఇవ్వను. కావాలంటే బిల్లులు వేరుగా కట్టుకునే ఇల్లు చూసుకోండి, ఎవరూ ఆపరు.

గోదారోడు
బాబాయ్, అంత కటువుగా వద్దండీ.

ఎంకే_శ్రీను
నా వల్ల గొడవైనట్టుంది, సారీ అందరికీ. ఎలక్ట్రీషియన్‌ని పిలిచా, 1 వైరు ఉంచే పెట్టిస్తున్నా. హారిక గారి మాట విన్నాక ఒకటి అనుకున్నా. గోడ మీది బటన్లు లాక్ చేయను, నాన్న ఫోన్‌లో కూడా యాప్ వేస్తా. ఆయన తెల్లారి నాలుగున్నరకే స్నానం చేస్తారు. బూస్ట్ నొక్కితే సిలిండర్ ఎంతసేపట్లో కాగుతుంది?

పైపుల ప్రసాద్
సిలిండర్ సైజు, లోపలి కాయిల్‌ని బట్టి ఉంటుంది. అరగంట నుంచి గంట అనుకోండి. నాన్నగారి కోసం మూడున్నరకే షెడ్యూల్ పెట్టేయండి, ఫోన్‌తో పనిలేదు.

బర్నర్ బాబాయ్
బూస్ట్ గంట కాగానే అదే ఆగిపోయేలా పెట్టుకో. వైరు సంగతి, సరే, ఆదివారం వెళ్లి చూస్తా. లాక్ మాత్రం తియ్యను.

హ్యాట్‌ఫీల్డ్_హారిక
ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్లండి. ముందు కుళాయి తిప్పి చూడండి.

కొత్తమెంబర్_లీడ్స్
హాయ్ ఆల్, థ్రెడ్ మొత్తం చదవలేదు. నాది కాంబీ. హైవ్ పెట్టా కానీ యాప్‌లో వేడినీళ్ల బటన్ కనబడట్లేదు. కనెక్షన్ తప్పా?

పైపుల ప్రసాద్
తప్పు కాదు. కాంబీకి సిలిండర్ ఉండదు, కుళాయి తిప్పగానే అదే కాచి ఇస్తుంది. ఆ బటన్ మీకు రాదు.