21 రోజుల ఛాలెంజ్‌లు అలవాటు చేస్తున్నాయా, మధ్యలో మానేయించేస్తున్నాయా?

నిదానంగా_సాగుదాం
ఎక్కడ చూసినా 21 రోజుల ఛాలెంజే. 21 రోజులు పొద్దున్నే లేవండి, 21 రోజులు నడవండి, ఇంక జీవితాంతం అలవాటైపోతుంది అంటారు. నా వాదన సూటిగా చెప్తా, ఈ లెక్క తప్పు, పైగా హాని కూడా చేస్తోంది. ఇది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. సర్జరీ అయినవాళ్ళు మారిన మొహానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించాడు, అంతే. తర్వాత చేతులు మారేసరికి "కనీసం" ఎగిరిపోయింది, మొహం పోయి వ్యాయామం వచ్చింది.

నిజంగా కొలిచినవాళ్ళు యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిప్పా లాలీ టీమ్. 96 మంది, 12 వారాలు, ఒక్కొక్కరు తినేదో తాగేదో వ్యాయామమో ఒకటి ఎంచుకుని రోజూ అదే సందర్భంలో చెయ్యాలి, ఆలోచించకుండా చేసేస్తున్నారా లేదా అని కొలిచారు. 2010లో పేపర్ అచ్చయింది. వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న మనిషికి 66 రోజులు, అందరికన్నా త్వరగా అలవాటైనవాళ్ళకి 18, ఆలస్యమైనవాళ్ళకి 254. మరి 21వ రోజున "ఇంకా బద్ధకంగానే ఉందే, నాలోనే ఏదో లోపం ఉంది" అనుకుని మానేసేవాళ్ళ సంగతేంటి?

కొత్త_పేజీ
మీరు చెప్పిన హిస్టరీ కరెక్టే గానీ ముగింపుతో నేను ఒప్పుకోను. అసలు మొదలుపెట్టనివాడికి 66 అని, 254 అని చెప్తే ఇంక అటువైపే చూడడు. 21 అనేది కళ్ళకి ఆనుతుంది. కొత్త సంవత్సరం, కొత్త నెల, పుట్టినరోజు, సోమవారం ఇలాంటప్పుడు మనుషులు జిమ్‌కి ఎక్కువ వెళ్తారని 2014లో స్టడీ కూడా వచ్చింది, అంటే మొదలుపెట్టడానికి ఒక గీత కావాలి మనిషికి. ఛాలెంజ్ ఆ గీత గీస్తుంది. మొదలే లేనిచోట అలవాటు ఎక్కడినుంచి వస్తుందండీ?

పట్టుదల_ముఖ్యం
రోజులు లెక్కపెట్టడమే అనవసరం. మనసు గట్టిగా ఉంటే మొదటి రోజే మారిపోవచ్చు. మనోబలం బ్యాటరీలాగా అయిపోతుందని 1998లో బౌమైస్టర్ అనే సైకాలజిస్ట్ చెప్పిన సిద్ధాంతాన్ని పట్టుకుని ఏళ్ళతరబడి అందరూ సాకులు చెప్పారు, తీరా 2016లో 23 ల్యాబులు కలిసి రెండు వేల మందికి పైగా మళ్ళీ పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. కాబట్టి అలిసిపోయాను, ఇంక నావల్ల కాదు అనే మాటకి సైన్స్ అండ లేదు.

ఫిజియో_అక్క
పట్టుదల గారూ, ఆ 2016 ఫలితం నిజమే, కానీ దాన్నుంచి మీరు చాలా దూరం వెళ్ళిపోయారు. ఆ ల్యాబుల్లో పరీక్షించింది ఒక పని చేశాక వెంటనే ఇంకో పనిలో నిగ్రహం తగ్గుతుందా అని. నెలల తరబడి ఒక పని కొనసాగించడం వేరే ప్రశ్న. గాలా, డక్‌వర్త్ అనే పరిశోధకులు 2015లో చూపించింది ఇంకా ఆసక్తికరం, నిగ్రహం ఎక్కువ ఉన్నవాళ్ళు రోజూ తమతో తాము యుద్ధం చెయ్యట్లేదు, వాళ్ళకి మంచి అలవాట్లు ముందే కుదిరి ఉన్నాయి, అందుకే యుద్ధం అవసరం పడట్లేదు.

నేను మోకాళ్ళకి ఆపరేషన్ అయినవాళ్ళ చేత ఎక్సర్‌సైజులు చేయిస్తా. వాళ్ళలో పట్టుదల లేనివాళ్ళు తక్కువ, నొప్పి ఓర్చుకుని మరీ వస్తారు, కానీ ఇంటికెళ్ళాక ఎప్పుడు చేస్తారు ఎక్కడ చేస్తారు అని అడిగితే "వీలున్నప్పుడు చేస్తానమ్మా" అంటారు, ఆ వీలు ఎప్పటికీ దొరకదు, రెండు రోజులు తప్పేసరికి మొహం చాటేస్తారు, ఫోన్ చేస్తే ఎత్తరు, తిడతామేమో అని భయం. నాకు బాధ కలిగేది అక్కడే. లాలీ స్టడీలో అందరూ వదిలేసే ముక్క ఒకటుంది, మధ్యలో ఒక్క రోజు తప్పితే అలవాటు పడే తీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఛాలెంజ్ యాప్‌లు చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం, ఒక్క రోజు తప్పితే లెక్క మళ్ళీ సున్నా!

ఎప్పుడు, ఎక్కడ అని ముందే రాసుకోవడానికి ఎంత బలం ఉందో 2002లో సారా మిల్న్ వాళ్ళు స్టూడెంట్స్ మీద చూశారు. ఏమీ ఇవ్వనివాళ్ళలో 38 శాతం మంది ఆ వారం వ్యాయామం చేశారు, గుండె జబ్బుల గురించి భయపెట్టే సమాచారం ఇచ్చినవాళ్ళలో 35 శాతం, ఆ సమాచారంతో పాటు రోజు, టైమ్, చోటు రాయించిన గుంపులో 91 శాతం. సమాచారం ఒక్కటే ఇస్తే ఏమీ పెరగలేదు చూడండి.

అంకెల_వెంట
అక్కా, 91 శాతం అనేది ఒక్క వారం లెక్క, అదీ వాళ్ళంతట వాళ్ళు చెప్పుకున్నది. పెద్ద స్టడీల్లో ప్రభావం అంత ఉండదు. అలాగే లాలీ పేపర్‌లో 254 అనేది ఎవరూ చూసిన రోజు కాదు, 84 రోజుల డేటాకి గీత పొడిగించి వేసిన అంచనా, పైగా ఆ గీత బాగా అతికింది 39 మందికే. 21ని పీకేసి అదే కుర్చీలో 66ని కూర్చోబెడితే మనం ఏం సాధించినట్టు?

నాకు నమ్మకం కలిగించింది 2021 స్టడీ. అమెరికాలో ఒక జిమ్ చెయిన్ మెంబర్లు 61,293 మంది మీద 54 రకాల ప్రోగ్రాములు, ఒక్కోటి నాలుగు వారాలు. 45 శాతం ప్రోగ్రాములు అవి నడుస్తున్నంతకాలం జిమ్‌కి రావడం పెంచాయి. నాలుగు వారాలు అయిపోయాక కూడా తేడా నిలిచింది 8 శాతం ప్రోగ్రాముల్లోనే. అంటే 28 రోజులు, రిమైండర్లు, రివార్డులు అన్నీ ఉండి కూడా! అన్నిటికన్నా బాగా పనిచేసింది ఏంటో తెలుసా, ఒకసారి తప్పిపోయి మళ్ళీ వచ్చినవాళ్ళకి చిన్న బోనస్ ఇవ్వడం. 2023లో ఇంకో టీమ్ భారీ డేటా మీద చూస్తే జిమ్ అలవాటుకి నెలలు, హాస్పిటల్ స్టాఫ్ చేతులు కడుక్కునే అలవాటుకి వారాలు పట్టాయి. పనిని బట్టి మారేదానికి ఒకే నంబర్ ఎలా చెప్తాం.

కొత్త_పేజీ
ఆ 45 శాతం నా వైపు మాట్లాడుతోంది కదా. మొదలుపెట్టించాయి. తర్వాత నిలవకపోవడం తర్వాతి సమస్య.

నిదానంగా_సాగుదాం
కొత్త పేజీ గారూ, మొదలుపెట్టించడం దగ్గర మీతో పేచీ లేదు, గీత గీయండి. నా అభ్యంతరం రెండో గీత మీద, "ఇక్కడితో పూర్తి" అనే గీత మీద. అది దాటగానే సందర్భం పోతుంది, గ్రూపు పోతుంది, ఫొటోలు పెట్టడం పోతుంది, పని ఒక్కటే మిగులుతుంది. ఆ సందర్భం మన రోజులో ముందే ఉన్నదైతే పోదు. నన్నడిగితే ఛాలెంజ్ నడిపేవాళ్ళు రోజుల లెక్క తీసేసి రెండే అడగాలి, దేని తర్వాత చేస్తావు, తప్పితే తిరిగి ఎప్పుడు మొదలుపెడతావు.

రాత్రి_డ్యూటీ
అన్నీ చదివాను. ఇక్కడ అందరూ రోజూ ఒకే టైమ్ ఉన్నవాళ్ళలాగా మాట్లాడుతున్నారు. నాకు షిఫ్ట్ వారం వారం మారుతుంది, పొద్దున అనేది ఒక్కోసారి నేను పడుకునే టైమ్. టైమ్ రాసుకోమంటే ఏ టైమ్ రాసుకోను? పట్టుదల లేక కాదండీ.

ఫిజియో_అక్క
మీకు గడియారం వద్దు తమ్ముడూ. టైమ్ బదులు ఒక పని పట్టుకోండి, ఏ షిఫ్ట్ అయినా తప్పకుండా జరిగేది. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పడం, స్నానం, నిద్ర లేచి మొహం కడుక్కోవడం, వీటిలో ఏదో ఒకటి. దాని వెనకే మీ పని చిన్నగా పెట్టుకోండి, అలిసిపోయిన రోజు కూడా చెయ్యగలిగినంత చిన్నగా. షిఫ్ట్ మారిన మొదటి రోజు తప్పుతుంది, అది ముందే ఒప్పుకుని, రెండో రోజు ఏం చెయ్యాలో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

రాత్రి_డ్యూటీ
స్నానం అయితే ఏ షిఫ్ట్‌లోనైనా తప్పదు. స్నానానికి ముందు స్ట్రెచింగ్ పెట్టుకుంటా. మరి సెలవు రోజుల్లో స్నానం మధ్యాహ్నం దాకా వాయిదా పడుతుంది, అప్పుడు కూడా దాన్నే పట్టుకోవాలా, లేక వేరేది చూసుకోవాలా అక్కా?

ఫిజియో_అక్క
దాన్నే పట్టుకోండి. మధ్యాహ్నం అయినా పర్లేదు, వరస మారకుండా చూసుకోండి చాలు.