చీర కట్టుకున్నావా, వేసుకున్నావా, తొడుక్కున్నావా?

ఇప్పుడు ఏ బట్టల కొట్టుకు వెళ్ళినా ఒక అర నిండా 'రెడీ టు వేర్' చీరలే. కుచ్చిళ్ళు ముందే మడిచి నడుం పట్టీకి కుట్టేస్తారు. పక్కన జిప్పో, హుక్కులో ఉంటాయి. పైట మడతలు కూడా ఇస్త్రీ చేసి కుట్టే ఇస్తున్నారు. లంగాలోకి దూరినట్టు దూరి, జిప్పు లాగి, పైట భుజం మీద వేసి పిన్నీసు పెడితే అయిపోయింది. దాని మంచిచెడ్డలు తర్వాత చెప్తాను, ముందు నాకు క్రియ తేలాలి. ఈ చీరను కట్టుకున్నాం అనాలా, వేసుకున్నాం అనాలా, తొడుక్కున్నాం అనాలా?

తెలుగులో ఒంటి మీదికి వచ్చే వస్తువును బట్టి క్రియ మారుతుంది. చీర, పంచె, లుంగీ కట్టుకుంటాం. చొక్కా, రవిక తొడుక్కుంటాం. శాలువా కప్పుకుంటాం, తలపాగా చుట్టుకుంటాం, బొట్టూ టోపీ కళ్ళజోడూ పెట్టుకుంటాం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు గానీ, నాలుగేళ్ళ పిల్ల కూడా 'చొక్కా కప్పుకుంటా' అనదు.

నాకు అర్థమైనంతలో తేడా ఇది. ఆకారం లేని గుడ్డకు మన చేతులతో మనం ఆకారం ఇస్తే అది కట్టుకోవడం. ఆకారం ముందే ఉన్నదానిలోకి మనం దూరితే తొడుక్కోవడం. దిండుకు వేసేది తొడుగు అయిందీ, గాజులు తొడిగించుకుంటున్నదీ, వేలికి ఉంగరం తొడుగుతున్నదీ అందుకే. గాజు వెడల్పు ముందే తేలిపోయి ఉంటుంది, చెయ్యే నలిగి లోపలికి వెళ్ళాలి.

ఆ లెక్కన జిప్పు చీర తొడుక్కోవాల్సిందే. కానీ 'చీర తొడుక్కుని పెళ్ళికి వెళ్ళాను' అని చెప్పి చూడండి, నోరు ఒప్పుకోదు. అందుకే అందరం 'వేసుకోవడం' దగ్గర సర్దుకుంటున్నాం. అది ఎవరినీ కాదనని క్రియ. చెప్పులు వేసుకుంటాం, గొలుసు వేసుకుంటాం, మాత్ర వేసుకుంటాం. ఇంకొకటి గమనించాను. మా ఆఫీసులో పిల్లలు 'చీర' అన్నప్పుడు 'కట్టుకున్నా' అంటారు, 'శారీ' అన్నప్పుడు 'వేసుకున్నా' అంటారు. మనిషి ఒకరే, చీరా ఒకటే. పేరు మారగానే క్రియ కూడా దాని వెంట వెళ్ళిపోతోంది.

ఇక చీర సంగతి. నాకు జిప్పు చీర మీద కోపం లేదు. పొద్దున్నే మెట్రో పట్టుకోవాల్సిన అమ్మాయి, భుజం పైకి ఎత్తలేని పెద్దావిడ, చీర అంటేనే టెన్షన్ పడే కొత్త కోడలు, వీళ్ళందరికీ అది మేలే. నా అభ్యంతరం ఒక్కటే. కట్టుకునే చీరకు సైజు లేదు. ఐదున్నర మీటర్ల గుడ్డ సన్నగా ఉన్నవాళ్ళకు నాలుగు కుచ్చిళ్ళు ఎక్కువ పడుతుంది, లావుగా ఉన్నవాళ్ళకు నాలుగు తక్కువ పడుతుంది, అంతే. అమ్మ చీర కూతురికి, కూతురి చీర అమ్మకు సరిపోయేది అందువల్లే. జిప్పు చీరకు ఎస్, ఎం, ఎల్ అని చీటీ ఉంటుంది. ఈ ఏడు కొన్నది వచ్చే ఏడు పట్టకపోవచ్చు, పక్కింటావిడ అడిగినా ఇవ్వలేం. బట్టల్లో తరాలు దాటి వెళ్ళేది అదొక్కటే ఉంది, దానికీ కొలతలు పెట్టేస్తే ఎలా?

మీ మీ ఊళ్ళలో ఏమంటున్నారో చెప్పండి.

తెనాలి నుంచి ఒకరు:
మీ సూత్రం బాగుంది గానీ, మా ఇళ్ళలో 'పండక్కి కొత్త బట్టలు కట్టుకున్నారా?' అనే అడుగుతారండీ. ఆ అడిగేది ప్యాంటూ చొక్కా గురించే. పిల్లవాడు ఏ నిక్కరు వేసుకున్నా 'కొత్త బట్టలు కట్టుకున్నాడు' అంటాం. మరి అక్కడ మన చేతులు ఆకారం ఇచ్చింది ఏముంది?

పోస్టు రాసినామె జవాబు:
మంచి పాయింటండీ. అయితే విడిగా 'ప్యాంటు కట్టుకున్నాడు' అనరు కదా. 'బట్టలు' అని మొత్తంగా అన్నప్పుడే కట్టు వస్తోంది. కుట్టిన బట్టలు ఇంతగా లేని రోజుల మాట అలాగే నిలిచిపోయిందని నాకు అనిపిస్తుంది. 'కట్టుబట్టలతో బయటపడ్డారు' అన్నదీ అంతే. అసలు ఫ్యాషన్‌కు మనకున్న మాటే 'కట్టూబొట్టూ'. 'ఆవిడ కట్టూబొట్టూ బాగుంటుంది' అంటే ఖరీదైన చీర అని కాదు, కట్టిన తీరు బాగుందని.

కరీంనగర్ నుంచి ఒకరు:
అక్కా, ఒక మాట అడుగుతా, కోపానికి రావద్దు. మీరు 'కట్టుకునే చీర' అంటున్నదాంట్ల కట్టేది ఏముంది? ముడి ఎక్కడుంది? లంగ నాడ కడతరు. చీరను అందుల చెక్కుతరు. కుచ్చిళ్ళు చెక్కుతరు, పైటకు పిన్నీసు గుచ్చుతరు. మా నాయనమ్మ గోచి పోసి కట్టేది. లోపల లంగ లేదు, పిన్నీసు లేదు. గుడ్డనే నడుముకు చుట్టి, ముడేసి, కాళ్ళ నడుమ నుంచి తీసి ఎనుకకు చెక్కేది. పొద్దంత పొలంల వంగి నాటేసినా ఊడేది కాదు. కట్టు అంటే అది. ఆ లెక్కన మీరు కట్టుకునేది కూడా సగం రెడీమేడే.

పోస్టు రాసినామె జవాబు:
తమ్ముడూ, ఈ దెబ్బకు నా దగ్గర మందు లేదు. మా వైపు దాన్ని 'దోపుకోవడం' అంటాం. కుచ్చిళ్ళు దోపుకోవడం, కొంగు బొడ్లో దోపుకోవడం. నిజమే, కట్టేది బొందుని, దోపేది చీరని.

రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన:
కరీంనగర్ అబ్బాయి చెప్పినదానికి కొంచెం చేర్చాలి. ఇప్పుడు దేశమంతా కట్టే చీర కట్టును ఫ్యాషన్ పుస్తకాల్లో 'నివి' అంటారు, అది ఆంధ్ర దేశపు పద్ధతి అని రాస్తారు. మన ఆడవాళ్ళలో ఎవరినైనా 'నివి కట్టుకున్నావా' అని అడగండి, తెల్లముఖం వేస్తారు. కానీ మాట మన కావ్యాల్లో ఉంది. నీవి అంటే పోకముడి, నడుం దగ్గర చీరకు వేసే ముడి. తమాషా ఏమిటంటే ప్రపంచమంతా ముడి పేరుతో పిలుస్తున్న కట్టులో ఇవాళ ముడే లేదు.

లోపల లంగా, పైన కుట్టిన జాకెట్టు అనే పద్ధతి చదువుకున్న ఇళ్ళలో పాకింది 19వ శతాబ్దం రెండో సగంలో. బెంగాల్లో రవీంద్రనాథ్ ఠాగూర్ అన్న సత్యేంద్రనాథ్ భార్య జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో ఉండి వచ్చాక, అక్కడి పార్శీ స్త్రీల పద్ధతి చూసి, బయటికి వెళ్ళడానికి వీలైన కట్టు ఒకటి ప్రచారంలోకి తెచ్చారు. పిన్నీసు సంగతి చెప్పనే అక్కర్లేదు. అమెరికాలో వాల్టర్ హంట్ 1849లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లీషు 'పిన్స్'ని మనం 'పిన్నీసు' చేసుకుని, ఏకవచనం కింద వాడుకుంటున్నాం. కనుక 'సంప్రదాయ చీర కట్టు' అన్న మాట కొంచెం మెల్లగా అందాం. చీరల మీద పరిశోధన చేసిన రితా కపూర్ చిష్తీ గారు దేశంలో 108 రకాల కట్లు సేకరించారు. వాటిలో పిన్నీసు అక్కర్లేనివే ఎక్కువ ఉంటాయి.

బెంగళూరు నుంచి ఒకరు:
నేను జిప్పు చీరల పక్షం. ఇప్పుడు లంగా కూడా పోయింది, దాని స్థానంలో షేప్‌వేర్ వచ్చింది. అది మాత్రం కచ్చితంగా 'తొడుక్కోవడమే', ఊపిరి బిగబట్టి మరీ. లోపలిది తొడుక్కుని పైన కట్టుకుంటే తప్పు లేనప్పుడు పైది కూడా తొడుక్కుంటే తప్పేంటి?

గుంటూరు నుంచి ఒకరు:
మగవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. పంచెకు వెల్క్రో పట్టీ వచ్చింది, లోపల సెల్‌ఫోను జేబు కూడా ఉంది. మా బావమరిది పెళ్ళిలో ఆ పంచెతోనే పీటల మీద కూర్చున్నాడు. కట్టుకున్నాడు అనలేం, తొడుక్కున్నాడు అనలేం. అంటించుకున్నాడు అనాలి. పురోహితుడు గారు 'కొంగుముడి వేయండి' అన్నప్పుడు మాత్రం వెల్క్రో పనికి రాలేదు.

డల్లాస్ నుంచి ఒకరు:
ఇక్కడ మా పిల్లలకు కుట్టిన చీర కొత్తేమీ కాదండీ. కూచిపూడి నేర్చుకునే ప్రతి పిల్లకూ చీరను కోసి కుట్టిన డ్రెస్సే. ముందు విసనకర్ర మడతలు, వెనక గోచీ, అన్నీ ముక్కలుగా కుట్టి, నాడాలతో కట్టుకునేలా ఉంటాయి. దాన్ని ఎవరూ చీర అనలేదు, 'కాస్ట్యూమ్ వేసుకున్నా' అనే అంటున్నారు. పేరు వేరే పెట్టారు కాబట్టి గొడవ రాలేదు. జిప్పు దానికి కూడా చీర అనే పేరు ఉంచేశారు కాబట్టి వచ్చింది.

పోస్టు రాసినామె జవాబు:
ఇది నాకు తట్టలేదు. స్టేజీ మీద దశాబ్దాల నుంచి ఉన్నదే ఇప్పుడు ఫంక్షన్ హాలుకు వచ్చిందన్నమాట.

విజయవాడ నుంచి, బట్టలు కుట్టే ఒకావిడ:
నేను రోజూ ఇదే పనిలో ఉంటాను కాబట్టి కొంచెం చెప్తాను. ఇక్కడ రెండు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. ఒకటి ప్రీ ప్లీటింగ్. అంటే మీ చీర మీరు ఇస్తే, మీ నడుం కొలతా ఎత్తూ చూసి కుచ్చిళ్ళూ పైట మడతలూ ఇస్త్రీ చేసి, క్లిప్పులు పెట్టి, పెట్టెలో మడిచి ఇస్తాం. దానికి కత్తెర తగలదు. కట్టుకునేది మీరే, విప్పితే మళ్ళీ మామూలు చీర. పెళ్ళిళ్ళ సీజన్లో మాకు అదే ఎక్కువ. రెండోది కుట్టేయడం. దానికి ఒక్కోసారి లోపలికి పోయే చుట్టు గుడ్డ కోసేస్తాం, బరువు తగ్గాలని. అలా కోసింది మళ్ళీ చీర కాదు. అమ్మమ్మ పట్టుచీర తెచ్చి కుట్టేయమంటే నేను రెండుసార్లు అడిగి గానీ కత్తెర పట్టను. పాత జరీ చీర అయితే మడత దగ్గరే చిరిగిపోతుంది, కుట్టు కూడా ఆగదు.

భాష సంగతి అడిగారు కాబట్టి ఒకటి. మా దగ్గర చేతులను 'హ్యాండ్స్' అంటారు. 'ఎల్బో హ్యాండ్స్ పెట్టండి, ఫుల్ హ్యాండ్స్ వద్దు' అని. ఒకప్పటి బుట్ట చేతులు ఇప్పుడు 'పఫ్ హ్యాండ్స్' అయి మళ్ళీ వచ్చాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పాప నన్ను సరిదిద్దింది, 'స్లీవ్స్ అనాలి ఆంటీ' అని. నేను మార్చలేదు.

పోస్టు రాసినామె జవాబు:
మార్చకండి. 'హ్యాండ్స్' అన్నప్పుడు మాట ఇంగ్లీషుదే గానీ ఆలోచన తెలుగుది. మనం చొక్కాకు చేతులు ఉంటాయి అనుకుంటాం, జేబుకు నోరు ఉంటుంది అనుకుంటాం. మరి మీ దగ్గరికి వచ్చేవాళ్ళు జిప్పు చీరకు ఏ క్రియ వాడతారు?

విజయవాడ ఆవిడ:
కొట్టులో 'ట్రై చేస్తా' అంటారు. ఇంటికి వెళ్ళాక ఫోన్ చేసి 'తగిలించుకున్నానండీ, నడుం దగ్గర లూజుగా ఉంది' అంటారు.

కరీంనగర్ తమ్ముడు:
తగిలించుకునుడు! ఇది బాగుంది.

రాజమండ్రి పెద్దాయన:
తగిలించుకోవడంలో కొంచెం చులకన ధ్వని ఉంది. మెళ్ళో ఏదో తగిలించుకున్నాడు అంటాం, ముఖాన నవ్వు తగిలించుకున్నాడు అంటాం. పైకి పెట్టింది, ఎప్పుడైనా తీసేయగలిగింది అని. ఆ చులకన ఈ చీరకు తగునా అనేది మీరు తేల్చుకోండి.

బెంగళూరు నుంచి:
అన్యాయం. మూడు వేలు పెట్టి కొన్నది తగిలించుకోవడం ఏంటండీ.

పోస్టు రాసినామె జవాబు:
నాకు మాత్రం ఆ చులకన లేకుండానే అది నచ్చింది. హుక్కు తగిలిస్తాం కాబట్టి పనికి సరిపోయే మాట. మంచి చీరను ఎవరైనా 'కట్టుకున్నా' అంటే వాళ్ళ చెయ్యి ఎంత తిరిగిందో తెలుస్తుంది, 'తగిలించుకున్నా' అంటే ఎంత తొందరలో ఉన్నారో తెలుస్తుంది. రెండూ ఉండనిద్దాం.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఓణీ కూడా కుట్టు లేని గుడ్డే. సుమారు రెండున్నర మీటర్లు ఉంటుంది, చీరలో సగానికి కాస్త తక్కువ. 'హాఫ్ శారీ' అన్న పేరు ఆ సగం లెక్కతోనే వచ్చినట్టుంది. మన చేతులతోనే చుట్టి, దోపి, పైట వేస్తాం. నా సూత్రం ప్రకారం 'ఓణీ కట్టుకుంది' అనాలి. కానీ నేను పుట్టి పెరిగిన ఊళ్ళో 'ఓణీ వేసుకుంది' అనే అంటారు. ఎందుకు?

తెనాలి నుంచి:
ఓణీ తనంత తాను వేసుకునేది కాదు కదండీ మొదట. 'ఓణీలు వేశారు' అంటాం. మేనమామ తెచ్చిన గుడ్డను పెద్దవాళ్ళు పిల్ల భుజం మీద వేసేవాళ్ళు. వేడుకకే ఆ పేరు. ఇప్పుడు కార్డుల మీద హాఫ్ శారీ ఫంక్షన్ అని వేస్తున్నారు గానీ, ఫోన్లో పిలిచేటప్పుడు మా అత్తయ్య ఇప్పటికీ 'మా పిల్లకి ఓణీలు వేస్తున్నాం, రండి' అనే అంటుంది.

కరీంనగర్ తమ్ముడు:
మా దిక్కు కూడా వేసుడే. కాకపోతే ఇప్పుడు ఆ రోజు పిల్లకు వేసేది లెహంగా. లంగ అన్నా లెహంగా అన్నా హిందీ నుంచి వచ్చిన ఒకటే మాట. ముందుసారి వచ్చినప్పుడు పొట్టిగ అయి లంగ అయింది. రెండోసారి పూర్తి పేరుతోటి వచ్చింది, రేటు పది రెట్లు అయింది.

డల్లాస్ నుంచి:
దాని మీద ఇంకో పోస్టు పెట్టండి, ఇక్కడ అయ్యేది కాదు.