రెండు ప్రోటాన్లనూ వదిలేస్తే స్థితిజ శక్తి ఎవరి ఖాతాలోకి?

చీకటిపొద్దు:
రెండు ప్రోటాన్లు 10⁻¹⁰ మీటర్ల ఎడంలో కదలకుండా ఉన్నాయి. రెండింటినీ ఒకేసారి వదిలేశారు. బాగా దూరం వెళ్లాక ఒక్కోదాని వేగం ఎంత? ఒకదాన్నొకటి తోసుకోవడం వల్ల వాటిలో దాగిన శక్తి, అంటే స్థితిజ శక్తి, 2.3 × 10⁻¹⁸ జౌల్స్ వచ్చింది. అదంతా ఒక ప్రోటాన్ గతిజ శక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) అనుకుంటే సెకనుకు దాదాపు 52,500 మీటర్లు. జవాబుల పేజీలో మాత్రం 37,000 అని ఉంది. అచ్చుతప్పా, తప్పు నాదేనా?

వెనకబెంచి:
అచ్చుతప్పే. మొదటి ప్రోటాన్ రెండోదాని పొటెన్షియల్‌లో (ఒక్కో యూనిట్ ఆవేశానికి ఉండే శక్తి) ఉంది. ఆ పొటెన్షియల్‌ని ఆవేశంతో గుణిస్తే దాని శక్తి. రెండోదానికీ అంతే. ఎవరి శక్తి వారిది, పంపకం ఎందుకు?

తూనికరాయి:
అలాగైతే చివర్లో మొత్తం 4.6 × 10⁻¹⁸ జౌల్స్ గతిజ శక్తి ఉండాలి. అంత ఎక్కడినుంచి వచ్చింది? వెనక్కి వెళ్లి చూడండి. మొదటి ప్రోటాన్‌ని తెచ్చి పెట్టడానికి పనేమీ చేయక్కర్లేదు, ఎదురు తోసేది లేదు కాబట్టి. రెండోదాన్ని తెచ్చేటప్పుడు మాత్రమే 2.3 ఖర్చయింది. పెట్టింది అంతే, తిరిగొచ్చేదీ అంతే. అది ఆ జంటది. ద్రవ్యరాశులు సమానం కాబట్టి చెరిసగం. వేగం రూట్ రెండు వంతున తగ్గి 37,000 అవుతుంది. పుస్తకం కరెక్టే.

వెనకబెంచి:
మరి 100 వోల్టుల పలకల మధ్య ఎలక్ట్రాన్ లెక్కలో శక్తంతా ఎలక్ట్రాన్‌కే రాసి సెకనుకు 59 లక్షల మీటర్లు అంటారు కదా. అక్కడ పలకల వాటా అడగరేం?

తూనికరాయి:
వాటా ఉంది, కానీ చిల్లర కింద కూడా లెక్కకు రాదు. ఇద్దరికీ ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) సమానంగా, ఎదురుబొదురుగా వస్తుంది. ద్రవ్యవేగం ఒకటే అయినప్పుడు బరువైనదానికి గతిజ శక్తి తక్కువ. పలక ముందు ఎలక్ట్రాన్ ఏపాటిది!

లెక్కలపిచ్చి:
మధ్యలో దూరుతున్నా. ఆల్ఫా కణాన్ని బంగారు కేంద్రకం పక్కన పెట్టి వదిలితే ద్రవ్యరాశులు 4, 197. ఆల్ఫా వాటా 201లో 197 వంతులు, అంటే 98 శాతం. వేగంలో తేడా 1 శాతమే. అందుకే అక్కడ కేంద్రకం కదలదనుకున్నా పెద్దగా నష్టం లేదు. ప్రోటాన్ పక్కన ప్రోటాన్‌కి ఆ సౌకర్యం లేదు.

వెనకబెంచి:
సరే, ఇది చెప్పండి. ఒక ప్రోటాన్ మీదే కూర్చుని చూస్తే అది కదలనట్టే కదా. అప్పుడు రెండోదానికి నా 52,500 రావాలి.

తూనికరాయి:
రాదు, 74,000 వస్తుంది. 37,000 ఇటు, 37,000 అటు. మీరు కూర్చున్న ప్రోటాన్‌కి త్వరణం ఉంది, అక్కడినుంచి శక్తి లెక్కను మామూలుగా రాయకూడదు. రాయాలంటే ద్రవ్యరాశి బదులు సగం ద్రవ్యరాశి పెట్టండి, సరిగ్గా అదే 74,000 వస్తుంది. మీ 52,500 రావాలంటే మీరు కూర్చున్న ప్రోటాన్‌ని మేకు కొట్టినట్టు బిగించాలి.

చీకటిపొద్దు:
శక్తి జోలికి పోకుండా, మొదట్లో ఉన్న త్వరణం తీసుకుని వీ స్క్వేర్ సూత్రం (v² = u² + 2as) వాడకూడదా?

లెక్కలపిచ్చి:
వద్దు. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది, త్వరణం ఎక్కడా స్థిరంగా ఉండదు. సమాంతర పలకల మధ్య అయితే ఆ సూత్రం చెల్లుతుంది. ఇంకో మాట: గతిజ శక్తికి వాడే అరఎమ్‌వీస్క్వేర్‌ని (½mv²) కూడా గుడ్డిగా నమ్మకండి. ఎలక్ట్రాన్‌ని 2.56 లక్షల వోల్టులు దాటిస్తే ఆ సూత్రం కాంతిని మించిన వేగం చూపిస్తుంది, నిజంగా అలా జరగదు!

వెనకబెంచి:
37,000 ఒప్పుకుంటున్నా. కానీ తప్పు నాది కాదు, పుస్తకాలది. 'ఆవేశపు స్థితిజ శక్తి' అని నేర్పి, పరీక్షలో జంట లెక్క ఇస్తే ఎలా? ఆ మాటే తీసేయాలి.

తూనికరాయి:
తీసేస్తే ప్రతి పలక లెక్కలోనూ 'ఎలక్ట్రాన్-పలకల వ్యవస్థ స్థితిజ శక్తి' అని రాయాలి. మీరే మొదట విసుక్కుంటారు.

వెనకబెంచి:
విసుక్కుంటూనే రాస్తాను. ఇలా రెండుసార్లు లెక్కపెట్టడం కంటే నయం.