పుల్ల బీరు దోస్తులకు ఎట్ల రుచి చూపియ్యాలె?

హన్మకొండ_పోరడు: అన్నా, మా బావ అమెరికాల ఇంట్లనే బీరు చేస్తడు, ఈసారి వైల్డ్ ఈస్ట్‌తోని పులియబెట్టిన సోర్ బీరు సీసాలు తెచ్చిండు. దసరాకు దోస్తులకు తలా ఇంత పోద్దామనుకుంటున్నం, గని మనోళ్లకు స్ట్రాంగ్ బీరే అలవాటు, పుల్లగుంటే ఖరాబైందనుకుంటరేమో. ఎట్ల పొయ్యాలె, పక్కకు ఏం పెట్టాలె?

పరకాల_గీత: తమ్మీ, కల్లు తాగేటోళ్లకు పులుపు కొత్తనా? పొద్దుగాల దించిన కల్లు తియ్యగుంటది, పొద్దెక్కినకొద్ది పుల్లగైతది, ఈస్టు ఎవ్వరు వెయ్యరు, లొట్టిల, గాలిల ఉన్న ఈస్టు, లాక్టిక్ బ్యాక్టీరియానే ఆ పని చేస్తయి. బెల్జియంల బ్రసెల్స్ దిక్కు లాంబిక్ బీరు గూడ గంతే, మరిగించిన గింజల రసాన్ని రాత్రంత వెడల్పు తొట్టిల మూత లేకుంట చల్లారబెట్టి, తర్వాత చెక్క పీపాలల్ల ఏండ్లకేండ్లు ఉంచుతరు. ముందుగాల ఈ ముచ్చట చెప్పి పొయ్యి, ఎవ్వరు వంక పెట్టరు.

కాజీపేట_అక్క: మరీ ఐసు లెక్క చల్లగ ఇయ్యకు, వాసనంత చచ్చిపోతది, 8-10 డిగ్రీలుంటే మంచిగుంటది. సీసాలు ముందురోజే నిలబెట్టు, అడుగున మడ్డి కూసుంటది, అది గ్లాసులకు రానియ్యకు. సింకు మీద మెల్లగ తియ్యి, కొన్ని ఒక్కసారే పొంగుతయి. బ్రెట్ అనే ఒక రకం వైల్డ్ ఈస్టుదైతే తోలు వాసనొస్తది, అది దాని గుణం, గని నెయిల్ పాలిష్ వాసనొస్తే మాత్రం పారబొయ్యి. పక్కకు కారం తక్కువేసిన సర్వపిండి, పల్లీలు పెట్టు, కారం మటన్ తర్వాత తినుర్రి.

హన్మకొండ_పోరడు: థాంక్స్ అక్కా, చెర్రీలేసింది గూడ ఒకటుందంట, అది లాస్టుకు తీస్త. బండ్ల మీదొచ్చేటోళ్లు ఆ రాత్రి మా ఇంట్లనే పండాలె, ముందే చెప్పిన.