సర్వీసు చేయించాక కొత్త ప్రాబ్లం వస్తే అదే షెడ్డుకి వెళ్ళాలా, వేరే మెకానిక్‌కి చూపించాలా?

బెంజ్‌సర్కిల్_డీజిల్:
అందరికీ నమస్కారం. మాది సెకండ్ హ్యాండ్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. లోయర్ ఆర్మ్ బుష్షులు (ముందు చక్రాన్ని కింద నుంచి పట్టుకునే ఆర్ముకి ఉండే రబ్బర్లు) పోయాయంటే విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇచ్చా, పన్లో పని ఫ్రంట్ బ్రేక్ ప్యాడ్లు కూడా మార్పించా. బండి తెచ్చుకుని గుంటూరు వెళ్తుంటే కాజ టోల్ దాటేసరికి స్టీరింగ్ ఎడమకి లాగుతోంది, మీటర్లో ఏబీఎస్ లైటు (సడన్ బ్రేక్ కొడితే చక్రాలు లాక్ అవ్వకుండా చూసే సిస్టమ్‌ది) వెలిగింది, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు నుంచి టక్ టక్‌మని సౌండు. ఫోన్ చేస్తే "అది ముందు నుంచే ఉందండి, మీరు గమనించుండరు" అన్నాడు. రోజూ నేను నడిపే బండి, ముందు లేదని నాకు తెలీదా? బావమరిదేమో వాడి గుమ్మం తొక్కొద్దంటున్నాడు, నాన్నగారేమో అక్కడికే పొమ్మంటున్నారు. మీరేమంటారు?

పటమట_కుర్రోడు:
వెళ్ళొద్దు అన్నా. చెడగొట్టినోడు నా తప్పే అని ఒప్పుకుంటాడా, ఇంకేదో పోయిందని చెప్పి ఇంకో బిల్లు చేతిలో పెడతాడు. మా బాబాయ్ ఏసీ పనికి ఇస్తే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం ఆగిపోయింది, మళ్ళీ వాళ్ళ దగ్గరికే పోతే ఆ ఫ్యాన్ కూడా డబ్బులు తీసుకునే మార్చారు. మంచి మెకానిక్‌ని చూసుకుని విప్పించెయ్, ఎవడి తప్పో తేలిపోద్ది.

ఆటోనగర్_పానా:
షెడ్డు నడిపేవాణ్ణి, మా వైపు మాట కూడా వినండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి ఇక్కడ సింగ్‌నగర్ మునిగింది కదా, ఆ నీళ్ళలో నానిన బండ్లు ఇప్పటికీ మా దగ్గరికి వస్తున్నాయి. పైకి బానే ఉంటాయి, కనెక్టర్ విప్పితే లోపల పిన్నులకి పచ్చగా చిలుం పట్టి ఉంటుంది, ఇలా ముట్టుకుంటే అలా ఊడొస్తాయి. మా చేతిలో ఊడింది నిజమే, కానీ మా వల్ల పోయినట్టా? సెకండ్ హ్యాండ్ బండి అంటున్నారు, ముందు ఎక్కడ తిరిగిందో మీకైనా తెలుసా? ఇంకోటి, జీఎస్టీ 18 శాతం ఎందుకులే అని బిల్లు వద్దనేది మీరే, తర్వాత గ్యారంటీ ఏదీ అనేదీ మీరే.

బ్రాడీపేట_నుంచి:
పానా గారు చెప్పిన చిలుం సంగతి కరెక్టే అండీ, కానీ ఈ బండికి ఆ వంక పనికిరాదు. డీజిల్ గారు చెప్పిన మూడు ప్రాబ్లమ్సూ ఎక్కడున్నాయో చూడండి, మూడూ పని చేసిన చోటే ఉన్నాయి. ముందు చక్రాలు విప్పారు, ఆర్ములు దించారు, ప్యాడ్లు మార్చారు. అక్కడే తేడా వస్తే "ముందు నుంచే ఉంది" అని ఫోన్లో తేల్చెయ్యడం అన్యాయం, బండి చూడాలి కదా. అదే వెనక డిక్కీ లాక్ పోయుంటే నేను కూడా మెకానిక్ వైపే మాట్లాడేవాణ్ణి.

లోయర్ ఆర్మ్ విప్పాక వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణం సరిచేయడం) చేయించాలి, లేకపోతే బండి పక్కకి లాగొచ్చు. అయితే లాగడం రెండు రకాలు. మామూలుగా పోతున్నప్పుడే లాగుతుంటే ముందు అలైన్‌మెంట్ చూపించండి. బ్రేక్ నొక్కినప్పుడే లాగుతుంటేనో, కాస్త దూరం నడిపి ఆపాక ముందు చక్రాల్లో ఒకటి రెండో దానికంటే బాగా వేడిగా ఉంటేనో ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే కాలిపర్ పట్టేసిందేమో అని అనుమానించాలి. రిమ్ముకి దగ్గరగా చెయ్యి పెడితేనే సెగ తెలుస్తుంది, డిస్క్ మాత్రం ముట్టుకోకండి, కాలుతుంది.

ఏబీఎస్‌కి, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, ఇంజన్ ఆపి, టైరు వెనక సెల్‌ఫోన్ లైటు కొట్టి చూడండి. చక్రం మధ్యలో ఉండే హబ్ దగ్గరికి సన్నటి నల్ల వైరు ఒకటి వస్తుంది, చక్రం ఎంత స్పీడులో తిరుగుతుందో చెప్పే సెన్సర్‌ది. దాన్ని పట్టుకునే క్లిప్పు విప్పి మళ్ళీ పెట్టకపోతే వైరు వేలాడి టైరుకో, ఆర్ముకో రాసుకుంటుంది.

ఇక టక్ టక్ సౌండు. సస్పెన్షన్‌లో ఉండే లింక్ రాడ్ నట్టు లూజుగా వదిలేసినా వస్తుంది, బుష్ బోల్టు సరిగ్గా బిగించకపోయినా వస్తుంది. బండిని జాకీ మీద లేపి, చక్రాలు గాల్లో ఉండగానే బుష్ బోల్టు ఫుల్‌గా బిగించేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. బండి కిందికి దిగగానే ఆ రబ్బరు మెలి తిరిగిపోయి, కొత్త బుష్ కూడా తొందరగా చిరిగిపోతుంది. బరువంతా చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు బిగించాలి.

కాబట్టి అదే షెడ్డుకి వెళ్ళండి, కానీ ఊరికే వెళ్ళొద్దు. వెళ్ళేముందే మీటర్లో లైటు, కిలోమీటర్లు కనబడేలా వీడియో తీసి "మీరు పని చేశాక ఇవి వచ్చాయి" అని వాట్సాప్‌లో రాసి పెట్టండి, ఫోన్లో చెప్పింది రేపు ఎవరూ ఒప్పుకోరు. పటమట తమ్ముడు వేరే మెకానిక్‌తో విప్పించెయ్యమంటున్నాడు, అదొక్కటి మాత్రం చెయ్యొద్దు. రెండో మెకానిక్ పానా పెట్టిన మరుక్షణం మొదటివాడు "నేను బానే బిగించా, మధ్యలో వాళ్ళెవరో కెలికారు" అంటాడు, అప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

పటమట_కుర్రోడు:
అంటే బ్రేకులు తేడాగా ఉన్న బండి హైవే మీద నడుపుకుంటూ వాడి దగ్గరికే పోవాలా? ప్రాణం కన్నా సాక్ష్యం ఎక్కువా?

బ్రాడీపేట_నుంచి:
ఈ మాట మాత్రం ఒప్పుకుంటా తమ్ముడూ. బ్రేక్ పెడల్ మెత్తగా లోపలికి దిగుతున్నా, స్టీరింగ్ ఊగుతున్నా, ఆయిల్ లైటు వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకెక్కినా బండి కదపకూడదు. వాళ్ళనే మన దగ్గరికి రమ్మనాలి, రాకపోతే టోయింగ్‌లో పంపాలి. ఇక రెండో మెకానిక్‌తో చూపించుకోవడం తప్పని నేననలేదు, విప్పొద్దన్నా. స్కానర్ పెట్టి బండి కంప్యూటర్లో పడిన ఫాల్ట్ కోడ్ చూసి, ఫోటో తీసుకుని, కోడ్ చెరిపెయ్యకుండా వదిలెయ్యమనండి.

వాళ్ళు మొండికేస్తే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే జిల్లా కన్స్యూమర్ కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, రెండేళ్ళ లోపు వెయ్యాలి, కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. అక్కడ కాగితం మాట్లాడాలి, అందుకే బిల్లు విషయంలో పానా గారి మాట వినండి.

బెంజ్‌సర్కిల్_డీజిల్:
థాంక్స్ అండీ. బ్రేక్ నొక్కినా నొక్కకపోయినా ఒకేలా లాగుతోంది, పెడల్ గట్టిగానే ఉంది, రెండు చక్రాల వేడీ ఒకటే. ఎడమ వైపు వైరు మాత్రం మీరన్నట్టే క్లిప్పులోంచి బయటికొచ్చి టైరుకి రాసుకుంటోంది, పైన రబ్బరు కొంచెం లేచిపోయింది. ఫోటో పంపితే ఇప్పుడు "తీసుకురండి చూద్దాం" అంటున్నాడు. కానీ అలైన్‌మెంట్ డబ్బులు నన్నే పెట్టుకోమంటున్నాడు.

ఆటోనగర్_పానా:
వైరు తెగితే సెన్సర్ ఆ షెడ్డు ఆయనే వెయ్యాలి, అందులో రెండో మాట లేదు. అలైన్‌మెంట్ అంటారా, అది బయట సెంటర్లో చేయించేది, ఆ ఖర్చు ఓనర్‌దే.

బ్రాడీపేట_నుంచి:
ఖర్చు ఓనర్‌దే కావచ్చు పానా గారూ, కానీ "అలైన్‌మెంట్ చేయించాకే హైవే ఎక్కండి" అని బండి ఇచ్చేటప్పుడు చెప్పాల్సింది ఎవరు? చెప్పకుండా తాళాలు ఇచ్చేశారు కాబట్టి సగమైనా షెడ్డు ఆయన భరించాలని నా వాదన. డీజిల్ గారూ, బుష్ బోల్టులు వదులు చేసి బండి నేల మీద ఉండగా మళ్ళీ బిగించమనండి, దగ్గరుండి చూడండి, అలైన్‌మెంట్ దాని తర్వాతే చేయించండి. ముందే చేయిస్తే ఆ డబ్బులు దండగ.